ఇరవై గళ్ళ పలక

ముందు దాని చప్పుడు సంగతి చెప్పాలి. చాటలో గుప్పెడు జొన్నలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు జారితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. ఎడమ నుంచి మొదలై కుడికి పోయి ఆగుతుంది. ఆగిందంటే వేళ్ళ కింద కొత్త వరుస సిద్ధమైందన్నమాట. జనగామలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మానుకోటకు పోతుంటే ఎదురు సీటాయన కాసేపు విని, "ఏం మిషనన్నా అది? ఏమన్న కుడుతున్నవా?" అన్నాడు. చదువుతున్నానన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆయన చూపుడు వేలు పట్టుకుని ఆ వరుస మీద పెట్టి, పక్కనున్న మీట నొక్కాను. వేలి కింద గింజలు కొన్ని లేచాయి, కొన్ని మునిగాయి. చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నాడు. కాజీపేట వచ్చేదాకా ఆయనది ఒకటే ప్రశ్న: మునిగిన గింజలు ఎటు పోతున్నాయి?

ఎటూ పోవు. అక్కడే ఉంటాయి. ఇరవై గళ్ళు, గడికి ఎనిమిది సన్నని పుల్లలు, మొత్తం నూట అరవై. ఏవి పైకి రావాలో, ఏవి లోపల ఉండాలో వరుస వరుసకూ తేల్చుకోవడమే దాని పని. చూపులేనివాళ్ళు వేళ్ళతో బ్రెయిల్ చదువుకునే ఈ పలక పేరు ఆర్బిట్ రీడర్ 20. అమెరికాలోని ఆర్బిట్ రీసెర్చ్ వాళ్ళు తయారు చేశారు. వెనక ఉండి చేయించింది మాత్రం ట్రాన్స్‌ఫార్మింగ్ బ్రెయిల్ గ్రూప్ అనే కూటమి. బ్రిటన్, అమెరికా, కెనడా వంటి దేశాల్లోని పెద్ద అంధుల సంస్థలు అందులో చేరాయి. దానికి పెద్దగా ఉన్న కెవిన్ కేరీ కూడా చూపు లేనివాడే. 2016లో లోకానికి చూపించారు. జనం చేతికి సరిగ్గా అందేసరికి 2018 అయింది. అమెరికన్ ప్రింటింగ్ హౌస్ దాన్ని 449 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. మనకు అదీ తక్కువేం కాదు. కానీ అప్పటిదాకా ఇట్లాంటి సామాను కొనాలంటే అంతకంటే చాలా ఎక్కువ పెట్టాల్సి వచ్చేది.

అంత ధర ఎందుకయ్యేదో తెలిస్తే దీని పనితనం తెలుస్తుంది. పాతవాటిలో ఒక్కో చుక్క కింద ఒక్కో పీజో పలుకు ఉంటుంది. రెండు వందల వోల్టుల దాకా కరెంటు పెడితే అది కొంచెం వంగుతుంది. ఆ వంపుతో చుక్క పైకి లేస్తుంది. చప్పుడుండదు, రెప్పపాటులో వరుస మారుతుంది. అంతా బాగానే ఉంది గానీ, చుక్కను పైకి పట్టి ఉంచేది ఆ పలుకు బిగువే. వేలు గట్టిగా ఆనితే చుక్క కొంచెం లోపలికి తగ్గుతుంది. చెయ్యి తిరిగిన చదువరులు గాలిలా తాకుతారు కాబట్టి వాళ్ళకు ఇబ్బంది లేదు. పొలంలో, బాయిలో, బట్టల మిల్లులో పనిచేసి కాయలు కాసిన వేళ్ళకు మాత్రం ఆ తాకిడి అందదు. ఆర్బిట్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. లేచిన పుల్ల లేచిన చోటే గొళ్ళెం పెట్టినట్టు నిలబడుతుంది, ఎంత ఆనినా కుంగదు. గోడకు కొట్టిన బ్రెయిల్ బోర్డు మీద చుక్కలెంత గట్టిగా ఉంటాయో అంత గట్టిగా ఉంటాయి. అందుకు కట్టిన సుంకం రెండు రకాలు. ఒకటి ఆలస్యం, రెండోది ఆ జొన్నల చప్పుడు. నా మటుకు నాకు ఇది లాభసాటి బేరమే.

ఇక దాన్ని చేతికి తీసుకుందాం. కొత్తవాళ్ళకు నేర్పేటప్పుడు నేను మొదటి గంట స్విచ్చి వేయనివ్వను. అరకిలోకి కాస్త తక్కువ బరువు. పొడవు జానెడు లేదు, వెడల్పు బెత్తెడు దాటుతుంది, మందం రెండు వేళ్ళు. మనవైపు అంచున ఆ ఇరవై గళ్ళ వరుస. వరుసకు అటూ ఇటూ ఊయల్లాగా ముందుకూ వెనక్కీ వాలే మీటలు రెండు. చదివే చెయ్యి లేవనక్కర్లేదు, బొటనవేలితోనే ముందుకు పోవచ్చు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. పేజీ తిప్పడానికి చెయ్యి ఎత్తిన ప్రతిసారీ చదువరి తన చోటు పోగొట్టుకుంటాడని తెలిసినవాడు చేసిన ఏర్పాటు అది. వరుస వెనక నాలుగు దిక్కుల బాణాలు, వాటి నడుమ గుండ్రంగా సెలెక్ట్ మీట. ఆ వైపే పెర్కిన్స్ పద్ధతిలో ఆరు చుక్కల మీటలు, ఎడమ చేతికి మూడు, కుడి చేతికి మూడు. స్పేస్ బార్ విడిగా పొడవుగా తగులుతుంది. ఏడో చుక్కకూ, ఎనిమిదో చుక్కకూ కూడా మీటలున్నాయి. తెలుగుకు ఆరు చుక్కలే చాలు. అడుగున మిగిలిన రెండూ కర్సర్ ఎక్కడుందో చెప్పడానికి పనికొస్తాయి. వెనక అంచున పవర్ బటను, ఛార్జింగ్ పెట్టే చోటు, ఎస్‌డీ కార్డు దూర్చే చీలిక.

అంతే. తెర లేదు, స్పీకరు లేదు. ఏ మీటా వేలిని మోసం చేయదు. నున్నటి ఫోను అద్దం మీద పదేళ్ళు వేళ్ళు జారవిడిచిన నాకు, ఏది ఎక్కడుందో అక్కడే ఉండే వస్తువు చేతికి రావడం పుట్టింటికి పోయినట్టు అనిపించింది. లోటు ఒకటి చెప్పాలి. ఖరీదైన వాటిలో ప్రతి గడి మీదా ఒక చిన్న బొత్తాం ఉంటుంది. దాన్ని నొక్కితే కర్సర్ సరిగ్గా ఆ అక్షరం దగ్గరికి వస్తుంది. ఇందులో అది లేదు. తప్పు దిద్దాలంటే బాణాలతో ఒక్కో అడుగూ నడుచుకుంటూ పోవాలి. రాసుకునేవాళ్ళకు చిరాకే. చదువుకునేవాళ్ళకు దాని అవసరం పెద్దగా రాదు.

ఇరవై గళ్ళు అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఉత్పలమాల గుర్తొచ్చింది. పాదానికి ఇరవై అక్షరాలు కదా, పోతన గారి పాదం ఒకటి అచ్చంగా పడుతుందేమో అనుకున్నాను. మేం జనగామ జిల్లా వాళ్ళం, బమ్మెర మాకు పొరుగూరు. అట్లాంటి ఆశ కలగడం సహజమే. పెట్టి చూస్తే పాదం మూడో వరుసలోకి పోయింది. ఎందుకంటే మనం అక్షరం అనుకునేది బ్రెయిల్‌లో ఒక గడి కాదు. గుణింతం లేదు, వత్తు లేదు, కిందా మీదా ఏమీ అంటవు. హల్లు రాసి దాని పక్కన అచ్చు రాస్తారు. 'క'కు ఒక గడి, 'కి'కి రెండు. పొల్లు చేయాలంటే హల్లుకు ముందు నాలుగో చుక్క ఒక్కటే ఉన్న గడి ఒకటి పెడతారు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం ఆరు గళ్ళు తింటుంది. 'క్ష', 'జ్ఞ'లకు మాత్రం ఒక్కో గడి విడిగా ఇచ్చి కనికరించారు.

ఊళ్ళ పేర్లతో లెక్క చూద్దాం. జనగామ: జ, న, గ, ఆ, మ. ఐదు గళ్ళు. మహబూబాబాద్ పది గళ్ళు, అదే మానుకోట అంటే ఏడుతో సరిపోతుంది. పాత పేరే చవక. భూపాలపల్లి పది. జయశంకర్ భూపాలపల్లి అని జిల్లా పూర్తి పేరు రాస్తే మధ్యలో ఖాళీతో కలిపి పద్దెనిమిది. అంటే 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు పెట్టిన ఆ పొడుగు పేరు కూడా ఈ పలక మీద ఒక్క వరుసలో పట్టి, ఇంకా రెండు గళ్ళు మిగులుతాయి.

ఈ లిపిని మన దేశ భాషలన్నిటికీ కలిపి 1951లో ఖాయం చేశారు, భారతి బ్రెయిల్ అంటారు. ఆ ఏడే అమెరికాలో పెర్కిన్స్ బ్రెయిలర్ అనే బ్రెయిల్ రాసే మిషను బజారుకు వచ్చింది. మన ఆర్బిట్ మీద ఉన్న ఆరు మీటల అమరిక దానిదే. ఒకే ఏడు పుట్టిన లిపీ, మీటలూ ఇట్లా ఒక పెట్టెలో కలుసుకున్నాయి. భారతి బ్రెయిల్ కూర్చినవాళ్ళు చేసిన తెలివైన పని, ఇంగ్లీషు బ్రెయిల్‌లో ఉన్న ధ్వనులను మార్చకపోవడం. ఇంగ్లీషు జే చుక్కలే మన 'జ'. ఎన్ 'న', జీ 'గ'. ఇంగ్లీషులో లేని ధ్వనులకు మిగిలిన చుక్కలను పంచారు. ఆ పంపకంలో కొన్ని చోట్ల పెట్టిన జతలు చూస్తే ముచ్చటేస్తుంది.

గడిలో చుక్కలు రెండు నిలువు వరుసలు. ఎడమన పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడు. కుడిన నాలుగు, ఐదు, ఆరు. 'బ' అంటే ఒకటి, రెండు. 'భ' అంటే నాలుగు, ఐదు. ఆకారం అదే, పక్కింటికి మారింది. 'ల' అంటే ఎడమ నిలువంతా, 'ళ' అంటే కుడి నిలువంతా. 'క' ఎడమ వరుసలో పైదీ కిందిదీ, 'ఖ' కుడి వరుసలో పైదీ కిందిదీ. అన్నిటికంటే నాకు నచ్చింది ఇది: ఒకటో చుక్క ఒక్కటే ఉంటే 'అ', నాలుగో చుక్క ఒక్కటే ఉంటే ఆ 'అ'ను తీసేసే పొల్లు గుర్తు. మీటల మీద రాస్తుంటే ఈ జతలు చేతుల్లోకి వస్తాయి. ఎడమ చూపుడు వేలూ నడిమి వేలూ నొక్కితే 'బ', కుడి చేతి అవే వేళ్ళు నొక్కితే 'భ'. ఎడమ మూడు వేళ్ళు 'ల', కుడి మూడు వేళ్ళు 'ళ'. ఇక అల్పప్రాణం, మహాప్రాణం అని బట్టీ పట్టే బాధ సగం తగ్గుతుంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఆకారం ఒకటే అయినప్పుడు తేడా అంతా చోటులోనే ఉంటుంది. కాగితం నలిగి, వందమంది వేళ్ళ కింద చుక్కలు అణిగిపోయిన హాస్టలు పుస్తకాల్లో 'బ'నో 'భ'నో తేల్చుకోవడానికి పక్క అక్షరాన్ని సాక్ష్యం అడగాల్సి వచ్చేది. రాయడం ఇంకో తంటా. పెంబర్తి పనివాళ్ళు ఇత్తడి రేకు మీద బొమ్మ ఎట్లా లేపుతారో చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. జనగామ నుంచి హైదరాబాదు రోడ్డున పోతే ఎంతో దూరం లేదు పెంబర్తి. రేకును బోర్లించి వెనకనుంచి కొడితే ముందువైపు బొమ్మ ఉబుకుతుంది. కొట్టేవాడికి ఎడమన ఉన్న చెయ్యి చూసేవాడికి కుడిన పడుతుంది. మా బ్రెయిల్ స్లేటు, స్టైలస్ పనీ అచ్చం అదే. కాగితాన్ని స్లేటులో బిగించి కుడి నుంచి ఎడమకు గుచ్చుకుంటూ పోవాలి. తీసి తిరగేస్తే చుక్కలు ఇటు లేచి, ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. అంటే స్లేటు మీద 'బ' రాయాలంటే చేతికి తగిలే లెక్కన 'భ' గుచ్చాలి. ఆరేడేళ్ళ పిల్లవాడు ఈ అద్దం లెక్కను ఎన్ని ఏడుపుల మీద నేర్చుకుంటాడో నాకు తెలుసు. ఈ యంత్రం మీద ఆ తిరగేత లేదు. ఏది నొక్కితే అదే లేస్తుంది, లేచింది లేచిన చోటే నిలుస్తుంది. గట్టిగా నిలబడే పుల్ల తెలుగువాడికి ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు తెలిసి ఉండాలి. అది స్పర్శ సుఖం కోసం మాత్రమే కాదు. మన అక్షరాల్లో కొన్నిటికి చోటు తప్పితే పేరే మారిపోతుంది.

మానుకోటలో నా స్నేహితుడొకడున్నాడు. బీఈడీలో నాతో చదివాడు, వాడికీ చూపు లేదు. వాడు ఈ మాటలేవీ ఒప్పుకోడు. "నీ జొన్నల మిషన్ నువ్వు పెట్టుకోరా. చెవిల పెట్టుకొని ఇంటే నీకు పది పేజీలయ్యేసరికి నాకు పుస్తకమే అయిపోతది" అంటాడు. వాడి దగ్గర విక్టర్ రీడర్ స్ట్రీమ్ ఉంది. కెనడాలోని హ్యూమన్‌వేర్ వాళ్ళు 2007 నుంచి చేస్తున్న, వినే పుస్తకాల యంత్రం. నేను వాడితో పోట్లాడతాను గానీ ఆ వస్తువు పనితనాన్ని తక్కువ చేయను. ఫోను మీద ఉన్నట్టు అంకెల మీటలు, ఐదు మీద ఒక పొక్కు. నాలుగు నొక్కితే వెనక్కి, ఆరు నొక్కితే ముందుకు. ఎంత వెనక్కి అన్నది రెండూ ఎనిమిదీ తేలుస్తాయి, అధ్యాయమా, పేజీనా, పేరానా అని. నాలుగు మీటలతో వెయ్యి పేజీల పుస్తకంలో ఎక్కడికైనా నడిచిపోవచ్చు. ఆ నడక వెనక డైసీ అనే పద్ధతి ఉంది. 1996లో కొన్ని దేశాల గ్రంథాలయాలు కలిసి దానికోసం కన్సార్షియం పెట్టుకున్నాయి. గొంతు రికార్డుకు విషయసూచికను ముడివేయడమే దాని కిటుకు. క్యాసెట్లను ముందుకూ వెనక్కీ తిప్పి విసిగిన మా తరానికి అది ఎంత మేలో చెప్పలేను.

అయినా వినడం వేరు, చదవడం వేరు. వాడు పుస్తకాలు నాకంటే మూడింతలు విన్నాడు. పెళ్ళి పత్రిక రాయమంటే 'ళ'కు వత్తు 'ల'నా 'ళ'నా అని నన్నే అడుగుతాడు. (దాని మీద పండితులకే ఏకాభిప్రాయం లేదనుకోండి.)

వాడి ఊళ్ళో నేను చేసిన పొరపాటొకటి ఇక్కడే చెప్పేస్తాను. మానుకోట అంటే మిర్చి. సీజనులో వాళ్ళింటికి పోయి, వాకిట్లో ఆరబోసిన కాయలను ముచ్చటపడి చేత్తో కలియబెట్టి, కడుక్కున్నాననుకుని యంత్రం ముందు కూర్చున్నాను. పావుగంట చదివి ఏదో దురద పుట్టి కన్ను నలుపుకున్నాను. చూపులేని కన్నుకు మంటేమిటని మీరు నవ్వకండి, మంటకు ఆ వివక్ష లేదు. మరునాడు చదవడానికి ఆ గళ్ళను ముట్టుకున్నప్పుడు మళ్ళీ అదే కథ. కారం పుల్లల కొసల మీద కూర్చుంది. తడి బట్టతో తుడవకూడదు, నీళ్ళు లోపలికి పోతే పని ముగిసినట్టే. పొడి బట్టకు చెమ్మ తగిలించీ తగిలించనట్టు అద్ది వారం రోజులు తుడిచాను. అప్పటినుంచి ఎవరికిచ్చినా మొదటి పాఠం చేతులు కడుక్కోవడమే. భూపాలపల్లిలో అయితే ఇంకా ముఖ్యం, అక్కడ గాలిలోనే బొగ్గు.

భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండలో బస్సు మారి పరకాల, రేగొండ మీదుగా పోవాలి. నేను పోయింది ఇంటర్ చదివే ఒక అమ్మాయి కోసం. వాళ్ళ బాపుది సింగరేణి బొగ్గుబాయిలో పని. అమ్మాయి ఐదో తరగతి దాకా హాస్టల్లో ఉండి బ్రెయిల్ నేర్చుకుంది. తర్వాత ఇంటికొచ్చి మామూలు బడిలో చేరి, అన్నీ ఫోనులో వింటూ పదో తరగతి పాసైంది. తెలివిగల పిల్ల. కాని వేళ్ళు తుప్పు పట్టాయి. నేను మొదటి గంట నియమం ప్రకారం స్విచ్చి వేయకుండా అన్నీ తడిమించాను. రెండో గంట పవర్ నొక్కనిచ్చాను. యంత్రం పేరు లేచింది, చప్పుడు విని అమ్మాయి నవ్వింది. కార్డులో తన కోసం నేను వేసుకుపోయిన ఫైలు తెరిచాం. కార్డు లేకపోతే అందులో చదవడానికి ఏమీ ఉండదు, పుస్తకాలన్నీ దానిమీదే. బ్రెయిల్ కాగితం పేజీ అంటే సుమారు వెయ్యి గళ్ళు. ఫైలులో గడికొక బైటు. అంటే ఒక జీబీలో పది లక్షల పేజీలు పడతాయి. హాస్టల్లో ఒక్క వాచకాన్ని నలుగురం నాలుగు సంపుటాలుగా మోసిన సంగతి ఆమెకు చెబితే, "గంతనా సార్!" అంది.

మొదటి వరుసలో ఊళ్ళ పేర్లే పెట్టాను. జనగామ చదివింది. మానుకోట చదివింది. తన ఊరు దగ్గర ఆగిపోయింది.

"సార్, ఇది తప్పు పడ్డది. మా ఊరు గిట్ల ఉండది."

"ఎట్లా ఉన్నది?"

"మొదటి అక్షరం కుడి దిక్కున్నది. 'బ' ఎడమ దిక్కు కదా ఉండాలె?"

ఫోను ఎన్నిసార్లు పలికినా, ఊళ్ళో జనం పిలిచినా ఆమె చెవికి అది 'బూ'నే. చిరునామా రాసిన ప్రతిచోటా 'బ'తోనే రాయించి ఉంటుంది. కుడి చేతి రెండు వేళ్ళు మీటల మీద పెట్టి నొక్కమన్నాను. అదే గడి లేచింది. ఇంకోసారి నొక్కింది. ఎడమ చేత్తో 'బ' నొక్కి పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఆ రోజు మాకు పాఠం ఇక ముందుకు సాగలేదు. ఆమె వరసబెట్టి బలం, భయం, బంతి, భూమి, కలం, కళ, కల, ఖరీదు అంటూ రాసుకుంటూ పోయింది. గది నిండా జొన్నల చప్పుడే.

ఇట్లా నొక్కి రాసింది చూపున్నవాళ్ళకు ఇస్తే చదవలేరు. ఆ ఫైలును మామూలు కంప్యూటరులో తెరిస్తే జనగామ అన్నచోట ఇంగ్లీషు జే, ఎన్, జీ, ఆ పక్కన లెక్కల్లో వాడే 'కంటే పెద్ద' గుర్తు, చివర ఎమ్ కనిపిస్తాయట. అరవై నాలుగు రకాల గళ్ళకూ కీబోర్డులోని అరవై నాలుగు గుర్తులను కేటాయించిన పాత ఏర్పాటు అది. బీఆర్ఎఫ్ అంటారు. తెలుగు అచ్చు నుంచి అందులోకీ, అందులోంచి తెలుగులోకీ మార్చడానికి లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వాడేవాళ్ళ కంప్యూటర్లలో అది ఉండే ఉంటుంది. యంత్రాన్ని వైరుతోనో బ్లూటూత్‌తోనో కలిపితే తెర మీద ఉన్న తెలుగు నేరుగా గళ్ళలో లేస్తుంది.

లేవాలంటే తెర మీద నిజంగా తెలుగు ఉండాలి. ఇక్కడ నాకొక మంట ఉంది, ఇది మిర్చిది కాదు. మన అచ్చు ప్రపంచం ఇరవై, ముప్పయ్యేళ్ళు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో నడిచింది. చూసేవాడికి అది చక్కటి తెలుగు. కంప్యూటరుకు మాత్రం ఇంగ్లీషు గుర్తుల కుప్ప. ఒక రచయిత పెద్ద మనసుతో తన నవల ఫైలు ఇప్పించాడు. నేను పేరు చెప్పని ఒక డీటీపీ సెంటరు నుంచి అది వచ్చింది. ఆశగా మార్చి యంత్రంలో పెట్టాను. రెండు వందల పేజీల అర్థంలేని చుక్కలు. యూనికోడ్‌లోకి మార్చి పంపమని అడిగితే, "మాకు బాగానే కనిపిస్తున్నది గదా సార్" అన్నారు. కనిపించడమే కదా మా ఇద్దరి మధ్యా తేడా. చివరికి కన్వర్టరు పట్టుకుని, వత్తులు ఊడిపోయిన చోటల్లా ఒక విద్యార్థితో చదివించి దిద్దుకుని, మూడు నెలలకు ఆ నవల చదివాను. నవల బాగుంది.

చట్టం మా పక్షానే ఉంది. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ, చూపులేనివాళ్ళు చదువుకునే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చని చెప్పింది. దేశాల మధ్య అట్లాంటి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడానికి 2013లో మర్రాకేష్ ఒప్పందం కుదిరింది. 2014లో దాన్ని అందరికంటే ముందు ధ్రువీకరించింది మన దేశమే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది, సభ్యత్వం తీసుకుంటే అక్కడినుంచి దింపుకోవచ్చు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. లోపల తెలుగు అల్మరా నిండాలంటే ఎవరో ఒకరు అను ఫాంట్లతో కుస్తీ పట్టాలి.

మూడోసారి భూపాలపల్లి పోయినప్పుడు అమ్మాయి వేళ్ళు కదిలాయి. వరుస చదివే లోపలే బొటనవేలు మీట మీద సిద్ధంగా ఉంటున్నది. ఎడమ చెయ్యి మొదటి గడికి ముందే పోయి కూర్చుంటున్నది. చదువు పట్టుబడుతున్నదనడానికి అంతకంటే గుర్తు లేదు. షిఫ్టు దిగి వచ్చిన వాళ్ళ బాపు స్నానం చేసి మా పక్కన కూర్చున్నాడు.

"ఏది, మన ఊరు ఏడున్నదో నాకూ చూపెట్టు బిడ్డా" అన్నాడు.

ఆమె ఊరి పేరు లేపి, ఆయన వేలు పట్టి మొదటి గడి మీద పెట్టింది. ముప్పయ్యేళ్ళు బొగ్గు ముట్టిన వేలు. నెమ్మదిగా జరుపుతూ, ఒక్కో గడినీ గట్టిగా అదుముతూ పోయాడు. పుల్లలు కుంగలేదు. ఆరు దాటాక ఆగాడు.

"ఇగో, ఇది ఖాళీ ఉన్నది."

"ఖాళీ కాదు బాపూ" అని ఆమె ఆయన వేలిని కొంచెం పైకి, కుడికి జరిపింది. "ఒక్క చుక్కే ఉంటది. దీని తర్వాత అక్షరంల 'అ'ను తీసేస్తది. అప్పుడు 'ల్ల' అయితది."

ఆయన ఆ చుక్క మీద వేలు అట్లాగే ఉంచాడు.

"తీసేసేటందుకు గూడ ఒక చుక్క పెడ్తరా?" అన్నాడు.